కథకుల గొంతులను అందరికీ తెరవాలా, పాడినవారి అనుమతితోనే వినిపించాలా?

విశ్రాంత అధ్యాపకురాలు, హనుమకొండ:

1989 నుంచి 1993 వరకు పరిశోధన కోసం నేను జనగామ, చేర్యాల, బచ్చన్నపేట ప్రాంతాల్లో తిరిగాను. ఒక్కో కులానికి వంశపారంపర్యంగా కథ చెప్పే కాకిపడగలవారు ముదిరాజుల వాడల్లో పటం (బొమ్మలు రాసిన పొడవాటి గుడ్డ) కట్టి చెప్పిన పాండవుల కథను, అలాంటివారే అయిన కూనపులివారు పద్మశాలీలకు చెప్పిన మార్కండేయ పురాణాన్ని క్యాసెట్లలోకి ఎక్కించుకున్నాను. అవి మొత్తం 46 క్యాసెట్లు. వాటితోపాటు నా చేతిరాతలో 11 నోటు పుస్తకాలు, ఇద్దరు కథకులు ఎవరితోనో రాయించి నాకు పంపిన ఉత్తరాలు ఇంట్లో ఇనప బీరువాలో ఉన్నాయి. పోయిన వేసవిలో తీసి చూస్తే నాలుగు క్యాసెట్లలో టేపు అంచున తెల్లగా బూజు కనిపించింది. నాకు కథ చెప్పినవారిలో ఇప్పుడు ఇద్దరే మిగిలారు.

అన్నింటినీ ఇంటర్నెట్‌లో పెట్టేయమని మా మేనల్లుడు అంటున్నాడు. అనుమతి ఉన్నవారికి మాత్రమే వినిపించే ఏదైనా ఆర్కైవ్‌కు అప్పగించమని నాతో పనిచేసిన ఒక సహాధ్యాపకుడు అంటున్నారు. ఇద్దరి మాటా సబబుగానే తోస్తోంది. నన్ను వేధిస్తున్న విషయం ఒకటి దాచకుండా చెప్పాలి. ఆ రోజుల్లో నేను ఎవరి చేతా కాగితం మీద సంతకం పెట్టించుకోలేదు. "నీ చదువుకు పనికొస్తే రాసుకో బిడ్డా" అని ఒక పెద్దాయన అన్న మాట ఒక్కటే నా దగ్గరున్న అనుమతి. నా చదువుకు ఇచ్చిన ఆ మాట ఈ రోజు లోకమంతటికీ సరిపోతుందా?

ధ్వని సాంకేతికుడు, విజయవాడ:

అమ్మా, ముందుగా ఒక విన్నపం. ఆ నాలుగు క్యాసెట్లను ప్లేయర్‌లో పెట్టి ఆడించకండి. బూజు పట్టిన టేపు ఒక్కసారి తిరిగినా ఆ బూజు హెడ్‌కు, అంటే టేపు మీది శబ్దాన్ని చదివే భాగానికి, అంటుకుని, ఆ తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. వాటిని విడిగా, పొడి చోట, నిలువుగా ఉంచండి. మిగతావాటిలో కూడా టేపును హెడ్‌కు ఒత్తి పట్టే చిన్న ఫెల్టు ముక్క ఊడిపోయి ఉండే అవకాశం ఎక్కువ. అది ఊడితే గొంతు వస్తూ పోతూ ఉంటుంది, టేపు చెడిపోయిందని మనం పొరబడతాం. పెంకు (టేపు చుట్టూ ఉండే ప్లాస్టిక్ డబ్బా) మార్చి టేపును కొత్త పెంకులోకి చుడితే చాలావరకు శబ్దం తిరిగి వస్తుంది. రికార్డు చేసిన యంత్రం హెడ్ ఏ కోణంలో ఉండేదో, డిజిటల్‌కు మార్చే యంత్రం హెడ్‌ను కూడా ప్రతి క్యాసెట్‌కూ ఆ కోణానికి సరిచేయాలి. ఈ పని చేయనందువల్లే పాత క్యాసెట్ల నకళ్లు గుడ్డ కప్పుకుని మాట్లాడినట్టు వినిపిస్తాయి.

అంతర్జాతీయ ధ్వని, దృశ్య ఆర్కైవ్‌ల సంఘంతో కలిసి యునెస్కో 2019లో అయస్కాంత టేపుల గురించి ఒక హెచ్చరిక జారీ చేసింది. ఆడించే యంత్రాలు, విడిభాగాలు, వాటిని బాగుచేయగలిగిన మనుషులు 2025 ప్రాంతానికి దొరకడం మానేస్తారు గనుక అంతలోపు డిజిటల్‌కు మార్చుకోవాలని దాని సారం. ఆ గడువు వచ్చేసింది. ఆ సంఘమే సూచించిన 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ స్థాయిలో మారిస్తే స్టీరియోలో గంటకు సుమారు 2 గిగాబైట్లు అవుతుంది. మీ 46 క్యాసెట్లూ అరచేతిలో పట్టే డిస్కులో ఇమిడిపోతాయి, కాబట్టి నిల్వ ఖర్చు ఒక సమస్యే కాదు.

ఇక అసలు ప్రశ్నకు వస్తే, నేను బహిరంగంగా ఉంచడం వైపే మాట్లాడతాను. నా వృత్తి జీవితంలో నేను చూసిన నష్టాలన్నీ తాళం వేసిన గదుల్లోనే జరిగాయి. ఒకే ఒక ప్రతి, ఒకే ఒక బీరువా, తాళంచెవి పట్టుకున్న ఒకే ఒక ఉద్యోగి ఉన్నచోట వరద వచ్చినా, ఆ ఉద్యోగి బదిలీ అయినా సంగతి ముగిసిపోతుంది. ఇంటర్నెట్ నుంచి వేయిమంది దింపుకున్న కథ పోదు.

కాకిపడగల ఇంటివాణ్ణి, సిద్దిపేట జిల్లా:

అమ్మా, నమస్కారం. మీ క్యాసెట్లలో మా తాతగారి గొంతు కూడా ఉండవచ్చు. ఆయన మీరు తిరిగిన ఊళ్లలోనే కథ చెప్పారు.

విజయవాడ అన్నగారు చెప్పిన సాంకేతిక విషయాలన్నింటికీ నా దండం. అయితే వేయిమంది దింపుకుంటే కథ పోదన్న మాట దగ్గర నేను ఆగాను. మాకు ఫలానా ఊళ్లు అని పంపకం ఉంటుంది. మా ఇంటి ఊళ్లలో ఇంకో ఇంటివారు కథ చెప్పరాదు, వారి ఊళ్లలో మేము చెప్పరాదు. పటం, ఆ పటానికి తగిన కథ, ఆ కథ చెప్పి త్యాగం (ఆ కులం వారు ఇచ్చే కట్నం) అడిగే హక్కు మూడూ కలిసి తండ్రి నుంచి కొడుక్కు వస్తాయి. పటం పాతబడి రంగులు రాలిపోతే పటాలు రాసే చేర్యాల నకాషీల దగ్గర కొత్తది రాయించుకుని, పాతదాన్ని పూజ చేసి నదిలో కలిపే ఆచారం ఉంది. అలా కలిపినప్పుడు మా పెద్దలు ఏడ్చేవారు, అయినా కలిపేవారు. అన్నీ దాచి తీరాలన్నది అందరి ధర్మం కాదని చెప్పడానికే ఈ సంగతి రాస్తున్నాను.

పదేళ్ల కిందట ఒక వ్యక్తి వచ్చి మా నాన్నగారి కథను మూడు రాత్రులు వీడియో తీసుకుని వెళ్లారు, ప్రతి ఇస్తానన్నారు, ఇవ్వలేదు. తర్వాత అది ముక్కలు ముక్కలుగా యూట్యూబ్‌లో కనిపించింది, మా నాన్నగారి పేరు ఎక్కడా లేదు. ఆ మరుసటి ఏడు ఒక ఊరికి వెళితే అక్కడి కులపెద్ద, ఫోన్‌లో విన్నామని, ఈసారికి కథ వద్దని అన్నారు. ఆ రోజు నాన్నగారు పటం విప్పకుండానే తిరిగి వచ్చారు. కాబట్టి నా ప్రశ్న ఇదే: మా తాత గొంతును ముందు లోకానికి ఇచ్చి తర్వాత మాకు ఇస్తారా, ముందు మాకు ఇచ్చి తర్వాత లోకం సంగతి మాతో మాట్లాడతారా?

గ్రంథాలయ ఉద్యోగి, న్యూజెర్సీ:

సిద్దిపేట మిత్రులు అడిగిన ప్రశ్నకు నేనున్న దేశంలో జవాబు రావడానికి నూరేళ్లకు పైగా పట్టింది. 1890 మార్చిలో జెస్సీ వాల్టర్ ఫ్యూక్స్ అనే పరిశోధకుడు మెయిన్ రాష్ట్రంలోని కలైస్ పట్టణంలో పాసమాక్వాడీ ఆదివాసుల పాటలను, కథలను ఎడిసన్ మైనపు సిలిండర్ల మీద రికార్డు చేశాడు. క్షేత్రానికి వెళ్లి చేసిన ధ్వనిముద్రణల్లో ప్రపంచంలోనే మొదటివిగా వాటిని చెబుతారు. అందులో 31 సిలిండర్లు మిగిలాయి. అవి హార్వర్డ్‌లోని పీబాడీ మ్యూజియంలో ఉండి, 1970లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేరాయి. 1979లో మొదలైన సిలిండర్ ప్రాజెక్టు కింద క్యాసెట్ నకళ్లు ఆ జాతికి వెనక్కి వెళ్లాయి గానీ, వాటిలో గీరుడు చప్పుడు తప్ప మాట స్పష్టంగా వినిపించేది కాదు. తర్వాతి కాలంలో మెరుగైన పరికరాలతో మళ్లీ శుభ్రం చేసి, ముందుగా ఆ జాతి పెద్దలకే వినిపించారు. వారు విని, ఏది ఏ పాటో తమ భాషలో చెప్పి, ఏవి అందరూ వినవచ్చో, ఏవి తమలోనే ఉండాలో నిర్ణయించారు. 2018లో లైబ్రరీ వాటిని ప్రజలకు తెరిచినప్పుడు, ఆ జాతి పెట్టిన షరతులు తెలిపే గుర్తులు ప్రతి రికార్డు పక్కనే ఉన్నాయి.

నన్ను కదిలించింది అనుమతి సంగతి ఒక్కటే కాదు. ఆ పెద్దలు వినేదాకా లైబ్రరీ జాబితాలో కొన్ని పాటల పేర్లే సరిగా లేవు. అంటే అడగడం వల్ల ఆర్కైవ్‌కు నష్టం కలగలేదు, దాని సేకరణ మరింత విలువైనదయింది.

ధ్వని సాంకేతికుడు, విజయవాడ:

సిద్దిపేట తమ్ముడి మాట చదివాక నిన్న రాత్రంతా ఆలోచించాను. "ముందు మాకు" అన్నదానికి నేను పూర్తిగా ఒప్పుకుంటున్నాను. ఈ క్యాసెట్లు ఎక్కించిన రోజుల్లో చట్టం కూడా కథకులకు ఏమీ ఇవ్వలేదు. 1957 కాపీరైట్ చట్టంలో గాయకుడికి, కథకుడికి ప్రదర్శన మీద ప్రత్యేక హక్కు 1994 సవరణతో గానీ రాలేదు. అందువల్ల ఈ క్యాసెట్ల విషయంలో చట్టం గుర్తించే యజమాని రికార్డు చేసిన అధ్యాపకురాలే తప్ప రాత్రంతా గొంతు చించుకున్న కథకుడు కాదు. ఇది అన్యాయమని నేనూ అంటాను.

అయినా ఒక సందేహం నన్ను వదలడం లేదు. సముదాయం అనుమతి అంటే ఎవరి అనుమతి? డక్కలివారు మాదిగలకు జాంబపురాణం చెబుతారు. ఆ కథ డక్కలివారి నోట ఉంది, మాదిగల పుట్టుక గురించి ఉంది. లోకం పుట్టకముందే జాంబవంతుడు పుట్టాడని చెప్పే ఆ కథ, కులాల మెట్ల వరుసనే తిరగరాస్తుంది. దాని తాళంచెవి చెప్పేవారి చేతిలో ఉండాలా, ఎవరి గురించి చెబుతున్నారో వారి చేతిలో ఉండాలా? రేపు ఇద్దరిలో ఒకరు ఇది బయటికి రాకూడదంటే, తన తాతల కథ వినాలని తపించే ఒక చదువుకున్న పిల్ల ఎవరిని అడగాలి? అడ్డుకునే అధికారం ఊళ్లో ఎప్పుడూ బలవంతుడి చేతికే చేరుతుందన్నది నా భయం.

కాకిపడగల ఇంటివాణ్ణి, సిద్దిపేట జిల్లా:

ఆ భయం నాకూ ఉంది అన్నా. మాలోనే ఒక ఇంటివారు ఇయ్యి అంటే ఇంకో ఇంటివారు వద్దంటారు. అయితే ఆ తగవు మేము తేల్చుకోవలసింది. మమ్మల్ని అడిగితే తగవు వస్తుంది కాబట్టి అడగకుండా పెట్టేద్దాం అంటే మాత్రం అది న్యాయం కాదు. ఇంకొక మాట. కథ అంతా ఒకే రకం కాదు. జనం అందరి ముందు చెప్పే యుద్ధఘట్టం వేరు, కులగోత్రాలు చెప్పే భాగం వేరు. మొదటిది లోకం వింటే మా నాన్నగారికి సంతోషమే. రెండోది ఆ కులం వారి ముందే చెబుతాం.

పరిశోధక విద్యార్థి, ఉట్నూరు:

తెరవడం, మూయడం గురించే మాట్లాడుతున్నాం గానీ, తెరిచినా అందనివి ఉన్నాయి. కుమ్రం భీం నేలకొరిగిన 1940లోనే మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ హైదరాబాదు రాజ్యంలో పని మొదలుపెట్టి, చెంచులు, కొండరెడ్లు, ఆదిలాబాద్ గోండుల మధ్య ఏళ్ల తరబడి తిరిగారు. ఆయన పత్రాలు, ఛాయాచిత్రాలు, ఫిల్ములు లండన్‌లోని సోయస్ అనే విశ్వవిద్యాలయ సంస్థలో ఉన్నాయి. ఫొటోలు ఎన్నో ఆన్‌లైన్‌లో ఉచితంగానే చూడవచ్చు. ఆయన, ఆయన భార్య బెట్టీ సమాధులున్న మార్లవాయిలో నేను ఆ ఫొటోలను ఫోన్‌లో చూపించినప్పుడు, ఒక ముసలమ్మ డోలు పట్టుకున్న మనిషిని గుర్తుపట్టి పేరు చెప్పింది. ఆ పేరును నేను తెలుగులో టైపు చేసి వెతికితే ఏమీ రాలేదు. వివరాలు ఇంగ్లీషులో ఉన్నాయి, "గోండు పురుషుడు" వంటి మాటలతో.

అందుకే అధ్యాపకురాలు గారికి నా మనవి. క్యాసెట్ల కంటే ముందు మీ 11 నోటు పుస్తకాలను స్కాన్ చేయించండి. ఏ రాత్రి, ఏ ఊరు, ఎవరి వాకిలి, వంత పాడినవారు ఎవరు, మధ్యలో ఎందుకు ఆపారు అన్నది అందులోనే ఉంటుంది. ఆ పుస్తకాలు పోతే క్యాసెట్‌లో మిగిలేది పేరులేని గొంతు. అయితే ఉత్తరాలను మాత్రం రాయించినవారి ఇంటివారికి చూపించకుండా ఎవరికీ ఇవ్వవద్దు. కళాకారుల ఉత్తరాల్లో అప్పుల సంగతులు, ఇంటి గొడవలు ఉంటాయి.

గ్రంథాలయ ఉద్యోగి, న్యూజెర్సీ:

ఉట్నూరు మిత్రులు అన్నది నిజం. దీనికి మన దేశంలోనే ఒక నమూనా ఉంది. విదేశీ పరిశోధకులు ఇక్కడ రికార్డు చేసి వెంట తీసుకెళ్లిన సంగీతం నకళ్లు తిరిగి ఈ దేశంలో ఉండాలనే ఉద్దేశంతో 1982లో ఏర్పడిన ఎథ్నోమ్యూజికాలజీ (జనసముదాయాల సంగీత అధ్యయనం) ఆర్కైవ్ ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉంది. అప్పగించేవారు షరతులు రాసి ఇస్తారు. అక్కడికి వెళ్లి వినడానికి ఒక నియమం, నకలు తీసుకోవడానికి మరొక నియమం. అయితే చేర్యాల నుంచి గురుగ్రామ్ చాలా దూరం. అక్కడ ఒక ప్రతి ఉంచినా, కథకుల ఇంట్లో ఒక ప్రతి, జిల్లాలో ఒక ప్రతి ఉండాలని నా అభిప్రాయం.

విశ్రాంత అధ్యాపకురాలు, హనుమకొండ:

అందరి మాటలూ రెండుసార్లు చదివాను. పటం విప్పకుండా తిరిగి వచ్చిన తండ్రి సంగతి చదివాక మా మేనల్లుడు కూడా కాసేపు మాట్లాడలేదు.

నేను చేయదలచింది రాస్తాను, తప్పుంటే చెప్పండి. బూజు లేని 42 క్యాసెట్లను విజయవాడ మిత్రుల చేతికి ఇచ్చి డిజిటల్‌కు మార్పిస్తాను, ఆ నాలుగింటిని వారు ఎప్పుడు చేయగలిగితే అప్పుడు. ఏ క్యాసెట్‌లో ఎవరి గొంతు ఉందో నోటు పుస్తకాల నుంచి తెలుగులో జాబితా రాయడం నేను ఇప్పటికే మొదలుపెట్టాను, తొమ్మిది క్యాసెట్లు పూర్తయ్యాయి. ఆ జాబితాను మాత్రం అందరికీ తెరిచి ఉంచుతాను, ఎందుకంటే ఉన్నదని తెలియనిదాన్ని ఎవరూ అడగలేరు. గొంతులను ఇంటింటికీ వెళ్లి వినిపించి, ఏ ఘట్టం బయటికి ఇవ్వవచ్చో వారు చెప్పినదాన్ని వారి గొంతులోనే రికార్డు చేసుకుంటాను. డక్కలివారి కథ గురించి అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. నా క్యాసెట్లలోనూ చెప్పే ఇల్లు ఒకటి, వినే కులం ఒకటి. ఇద్దరినీ ఒకే అరుగు మీద కూర్చోబెట్టి వినిపించడం తప్ప నాకు వేరే దారి తోచడం లేదు.

సిద్దిపేట బాబూ, 1991 నాటి 17వ క్యాసెట్ లేబుల్ మీద మీ ఇంటి పేరు ఉంది. అందులో సైంధవ వధ ఘట్టం, రెండు వైపులా. వచ్చే నెల మొదటి ఆదివారం ప్లేయర్ తీసుకుని మీ ఊరు వస్తాను. మీ నాన్నగారిని ఇంట్లో ఉండమని చెప్పు.