911 జీటీఎస్‌కి హైబ్రిడ్ అవసరమా? మాన్యువల్ పోయింది, 50 కేజీలు పెరిగింది

ఫ్లాట్‌సిక్స్
పోర్షే 911 స్పోర్ట్స్ కారులో 992.2 (992 తరానికి మెరుగులు దిద్దిన రూపం) జీటీఎస్ మోడల్ 2024 మే 28న బయటికొచ్చింది. పాతదాంట్లో (992.1) 3.0 లీటర్ ట్విన్ టర్బో, 480 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), 570 ఎన్ఎం టార్క్ (తిప్పే బలం), కావాలంటే 7 గేర్ల మాన్యువల్. కొత్తదాంట్లో 3.6 లీటర్ ఇంజన్, ఒకటే టర్బో, గేర్‌బాక్స్‌లో ఎలక్ట్రిక్ మోటార్, మొత్తం 541 పీఎస్, 610 ఎన్ఎం. మాన్యువల్ ఊసే లేదు. బరువు 50 కేజీలు ఎక్కువ. పోనీ ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసుకుంటామా అంటే అదీ లేదు, ఒట్టి మోటార్ మీద బండి నడవదు. మరి ఈ సరంజామా అంతా ఎవరి కోసం? ఉద్గారాల నిబంధనల కోసం చేసిన పనిని స్పీడ్ పేరు చెప్పి అమ్ముతున్నారని నా వాదన. కాదనేవాళ్ళు లెక్కలతో రండి.

లాంబ్డా1
నిబంధనల కోసమే అన్నది సగం నిజం. మిగతా సగం చూడండి. టర్బో ఇంజన్లు ఫుల్ థ్రాటిల్‌లో అవసరానికి మించి పెట్రోల్ చల్లుతాయి. ఆ అదనపు పెట్రోల్ శక్తి కోసం కాదు, ఎగ్జాస్ట్ వేడి తగ్గించి టర్బైన్‌ని కాపాడటానికి. కొత్త ఇంజన్ ఏ ఆర్‌పీఎం దగ్గరైనా, ఎంత లోడ్ మీదైనా పెట్రోల్ పూర్తిగా మండటానికి సరిగ్గా సరిపడే గాలి పాళ్ళలోనే (లాంబ్డా 1) నడుస్తుంది. అలా చేస్తే పవర్ తగ్గాలి. అది పూడ్చడానికే బోర్ (సిలిండర్ వెడల్పు) 91 నుంచి 97 మి.మీ.కి, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 76.4 నుంచి 81 మి.మీ.కి పెంచారు. 2,981 సీసీ కాస్తా 3,591 సీసీ అయింది. మోటార్ సాయం లేకుండా ఇంజన్ ఒక్కటే 485 పీఎస్ ఇస్తోంది, అంటే పాత జీటీఎస్ కన్నా ఎక్కువే.

అసలు పనితనం టర్బోలో (ఎగ్జాస్ట్ వేగంతో టర్బైన్ తిరిగి, కంప్రెసర్‌తో ఇంజన్‌లోకి గాలి నెట్టే పరికరం) ఉంది. చిన్న టర్బో త్వరగా తిరుగుతుంది గానీ పైన ఊపిరాడదు. పెద్దదైతే పైన బాగుంటుంది, కింద లాగ్ (స్పందన ఆలస్యం). ఇక్కడ టర్బైన్‌కీ కంప్రెసర్‌కీ మధ్య షాఫ్ట్ మీదే చిన్న మోటార్ కూర్చోబెట్టారు. కాలు వేయగానే ఎగ్జాస్ట్ కోసం ఎదురుచూడకుండా అది షాఫ్ట్‌ని తిప్పేస్తుంది. ఎగ్జాస్ట్ ఎక్కువైనప్పుడు అదే జనరేటర్‌గా మారి 11 కిలోవాట్ల దాకా వెనక్కి లాగుతుంది. అందుకే వేస్ట్‌గేట్ (మిగులు ఎగ్జాస్ట్‌ని టర్బైన్ పక్కనుంచి పంపే కవాటం) లేదు. మామూలు టర్బో వేస్ట్‌గేట్ తెరిచి బయటికి వదిలేసే శక్తి ఇక్కడ కరెంటవుతోంది. దీన్ని కూడా అలంకారం అంటారా?

ఫ్లాట్‌సిక్స్
ఈ-టర్బో (మోటార్ ఉన్న ఈ టర్బో) వరకు ఒప్పుకుంటా. గేర్‌బాక్స్ మోటార్ సంగతి చెప్పండి. 40 కిలోవాట్ల మోటార్, 1.9 కిలోవాట్ అవర్ బ్యాటరీ. ఏకబిగిన వాడితే మూడు నిమిషాలు కూడా రాదు.

లాంబ్డా1
ఏకబిగిన వాడటానికి పెట్టింది కాదు కదా అండీ. బ్రేక్ వేసిన ప్రతిసారీ, టర్బో మిగులు వచ్చిన ప్రతిసారీ నిండుతూ ఉంటుంది. అది ట్యాంకు కాదు, చేతి ఖర్చుకి ఉంచుకున్న చిల్లర. బ్యాటరీ బరువు 27 కేజీలే. పెద్దది పెట్టి ఉంటే మీ 50 కేజీల గొడవ 150కి పోయేది.

క్లచ్‌పెడల్
ఎన్ని చెప్పినా మోటార్ పీడీకే (పోర్షే ఆటోమేటిక్ డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్) పెట్టెలో కూర్చుంది కాబట్టి మూడో పెడల్ పోయింది. అదొక్కటి చాలు నాకు, ఈ బండి వద్దు.

ట్రాక్‌డే తెలుగు
బ్రదర్, నింద తప్పుగా వేస్తున్నారు. 911లోనే ఇంకో మోడల్, 992.2 కరేరా ఎస్ చూడండి: 480 పీఎస్, మోటార్ లేదు, హైబ్రిడ్ కాదు. అయినా పీడీకే ఒక్కటే. పాత కరేరా ఎస్‌లో మాన్యువల్ ఉండేది. అంటే మాన్యువల్‌ని తీసేసింది హైబ్రిడ్ కాదు, కంపెనీ నిర్ణయం. మూడు పెడల్స్ కావాలంటే కరేరా టీ ఉంది: 394 పీఎస్, 450 ఎన్ఎం, 6 గేర్లు, మాన్యువల్ మాత్రమే. లేదా జీటీ3.

నర్బర్గ్‌రింగ్ (జర్మనీలోని రేస్ ట్రాక్) ల్యాప్ టైమ్ కూడా ఇక్కడ పెడుతున్నా: 7:16.934, పాత జీటీఎస్ కన్నా 8.7 సెకన్లు తక్కువ. కాకపోతే ఆ 8.7 మొత్తం హైబ్రిడ్ ఖాతాలో రాయకండి. వెనక టైరు 305 నుంచి 315 అయింది, రియర్ యాక్సిల్ స్టీరింగ్ (వెనక చక్రాలూ కాస్త తిరగడం) ఇప్పుడు స్టాండర్డ్, ముందు బంపర్‌లో తెరుచుకుని మూసుకునే నిలువు ఫ్లాప్స్ వచ్చాయి. ఏది ఎన్ని సెకన్లు తెచ్చిందో విడదీసి ఎవరూ చెప్పలేదు.

ఆరెంజ్ కేబుల్
అందరూ పవర్ గురించే. వారంటీ అయ్యాక సంగతి? ఏసీ కంప్రెసర్ కూడా హైవోల్టేజ్ మీదే నడుస్తుంది. దాంతో బెల్ట్ డ్రైవ్ పోయి, ఇంజన్ ఎత్తు 110 మి.మీ. తగ్గి, ఆ ఖాళీలో ఇన్వర్టర్, డీసీ కన్వర్టర్ (కరెంటుని మార్చి ఇచ్చే పరికరాలు) సర్దారు. డిజైన్ బాగుంది. కానీ ఇక మీ వీధి చివర ఏసీ మెకానిక్ దీన్ని ముట్టుకోకూడదు. హైవోల్టేజ్ కంప్రెసర్లలో సాధారణంగా కరెంటు పారనివ్వని పీఓఈ రకం ఆయిల్ వాడతారు. మామూలు కార్లకు పీఏజీ (ఇంకో రకం ఏసీ ఆయిల్) నింపిన మెషీన్‌నే దీనికీ తగిలిస్తే గొట్టంలో మిగిలిన కొంచెం ఆయిలే ఇన్సులేషన్‌ని చెడగొడుతుంది, లీకేజీ కనిపించి సిస్టమ్ లాక్ అవుతుంది. గ్యాస్ నింపబోతే కంప్రెసర్ మార్చాల్సి రావచ్చు. ఏ పనికైనా వరస ఒకటే: 400 వోల్టుల సర్క్యూట్ విడదీయాలి, కెపాసిటర్లలో ఛార్జ్ దిగేదాకా ఆగాలి, సున్నా వోల్టులని మీటర్‌తో చూశాకే చెయ్యి పెట్టాలి.

ఇంకోటి. 12 వోల్టుల బ్యాటరీ కూడా లిథియమే. బండి నెలల తరబడి షెడ్‌లో ఉంచి అమెరికా వెళ్ళేవాళ్ళు పాత లెడ్ యాసిడ్ ఛార్జర్ తగిలించి వెళ్ళొద్దు. డీసల్ఫేషన్ మోడ్‌లో (లెడ్ ప్లేట్ల మీద పేరుకున్నది వదిలించే మోడ్) అది వోల్టేజ్ బాగా ఎత్తేస్తుంది. లిథియం మోడ్ ఉన్నదే కొనండి.

క్లచ్‌పెడల్
మధ్యలో ఉండే ముల్లు ఆర్‌పీఎం మీటర్ కూడా తీసేశారు, 12.6 అంగుళాల స్క్రీన్ పెట్టారు. ఎడమ చేత్తో తిప్పి స్టార్ట్ చేసే నాబ్ బదులు బటన్. దీన్ని ఏ ఉద్గారాల నిబంధన అడిగింది?

లాంబ్డా1
ఆ విషయంలో మీతోనే ఉన్నా. ఐదు డయళ్ళ క్లాసిక్ వ్యూ ఉంది గానీ ముల్లు ముల్లే.

ఫ్లాట్‌సిక్స్
సరే, 2026 టర్బో ఎస్‌లో ఈ-టర్బోలు రెండు, 711 పీఎస్, నర్బర్గ్‌రింగ్‌లో 7:03.92. దారి ఎటో తెలుస్తోంది. అయినా నేను పాత 992.1 మాన్యువల్ జీటీఎస్ వైపే.

ఆరెంజ్ కేబుల్
సెకండ్ హ్యాండ్‌లో మాన్యువల్ తీసుకుంటే సర్వీస్ బుక్‌తో సరిపెట్టుకోకండి. డయాగ్నస్టిక్ టూల్‌తో ఓవర్‌రెవ్ రిపోర్ట్ (ఇంజన్ హద్దు దాటి తిరిగిన లెక్క) తీయించండి. అందులో 1 నుంచి 6 దాకా రేంజ్‌లుంటాయి. 1, 2లో అంకెలుంటే లిమిటర్ (ఆర్‌పీఎం హద్దు దాటనివ్వనిది) దాకా లాగారని అర్థం, భయం లేదు. 4లో గానీ ఆపైన గానీ ఉంటే ఐదో గేర్‌లోకి వేయబోయి మూడులోకి దింపి ఉంటారు. అది ఏ ఇంజన్ గంటల దగ్గర జరిగిందో కూడా నమోదవుతుంది. ఇటీవలిదైతే బేరం ఆపేయండి.