పిల్లల చరిత్ర పుస్తకంలో స్థలకథలు ఉండాల్నా, తీసేయాల్నా?

బడి టీచరు, అనంతపురం

అందరికీ నమస్కారం. ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లల కోసం సీమ చరిత్ర, సంస్కృతి మీద మేము నలుగురు టీచర్లం కలిసి 48 పేజీల చిన్న పుస్తకం రాస్తున్నాం. దీనికి కారణం మా బడి పిల్ల ఒకతి. పోయినేడు రాష్ట్ర చరిత్ర మీద పిల్లల పుస్తకాలు కొన్ని లైబ్రరీకి కొన్నాం. మంచి కాగితం, మంచి బొమ్మలు. ఆ పిల్ల ఒక పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిరగేసి, "మేడం, దీంట్లో మన ఊరు యాడుంది?" అనింది. వెతికితే అనంతపురానికి దొరికింది ఒకటిన్నర పేజీ. లేపాక్షి బసవన్న ఫొటో, రాయలవారు, కరువు. అయిపోయింది. ఆ పిల్లది పెనుకొండ పక్క పల్లె. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధాని పెట్టుకున్న ఊరు పెనుకొండ. ఆ సంగతి ఆ పిల్లకు తెలీదు, పుస్తకమూ చెప్పలేదు.

ఇప్పుడు మా పుస్తకం లేపాక్షి కాడ ఆగిపోయింది. మాలో ఒకరు విరూపణ్ణ కథ రాసినారు. ఖజానా సొమ్ముతో గుడి కట్టించినాడని రాజుకు చాడీలు పోతే, రాజు శిక్ష వేసేలోపలే విరూపణ్ణ తన కళ్ళు తానే పీకి గోడకేసి కొట్టినాడనీ, కల్యాణమండపం అందుకే సగంలో నిలిచిపోయిందనీ కదా కథ. గోడ మీది ఎర్ర మరకలు ఇప్పటికీ చూపిస్తారు. ఇంకో సారు "ఇది చరిత్ర పుస్తకం, ఆధారం లేనిది తీసేయండి" అన్నారు. రెండు వారాలుగా పని ముందుకు పోలేదు. నా మటుకు కథ ఉండాల్సిందే. మీరేమంటారు?

శాసనప్రియ, ప్రొద్దుటూరు

తీసేయండి మేడం. మొహమాటం లేకుండా చెబుతున్నా.

లేపాక్షి చూసొచ్చిన పిల్లల్ని ఎవర్నైనా అడగండి. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చినామంటారు, కళ్ళ మరకలు చూసినామంటారు. పైకప్పు మీది బొమ్మల్లో ఆడవాళ్ళ చీరల అంచులు ఎట్లున్నాయో, మగవాళ్ళ నెత్తిన ఎంత పొడవు కుళ్ళాయిలు ఉన్నాయో ఒక్కరూ చెప్పరు. గుడిలో విజయనగర రాజు అచ్యుతరాయల కాలం శాసనాలున్నాయని అసలే తెలీదు. కథ పక్కనుంటే నిజం కంటికి ఆనదు. పెద్దవాళ్ళకే ఆనదు, పిల్లలకెట్ల ఆనుతుంది?

ఆధారంతోనే పిల్లల్ని కట్టిపడేయొచ్చు. నేను మా పిల్లల్ని కలమల్లకు తీసుకుపోయినాను. ఎర్రగుంట్ల మండలం, చెన్నకేశవస్వామి గుడి. ఒక విరిగిన స్తంభం. సుమారు 575 నాటిది, రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడిది. ఇంతవరకు దొరికిన తెలుగు శాసనాల్లో అన్నిటికన్నా పాతది. మా చిన్నోడు వేలితో ఒక్కో గీత తడుముతా, "ఇది 'ర' మాదిరి ఉంది నాయనా" అన్నాడు. నిజంగానే 'ర'. పద్నాలుగు వందల ఏళ్ళ కిందటి అక్షరాన్ని పదేళ్ళ పిల్లోడు గుర్తుపట్టినాడు. దీనికన్నా పెద్ద కథ ఏముంది?

కర్నూలు వాసి

ప్రొద్దుటూరు అన్న మాటే నాదీ. కొండారెడ్డి బురుజు కాడికి ఏ పిల్లోణ్ణి తీసుకుపోయినా మొదట అడిగేది సొరంగం గురించే. తుంగభద్ర కింద నుంచి గద్వాల దాకా పోతుందని చెప్పుకుంటారు కదా. అదే పిల్లోడికి ఈ ఊరు 1953 అక్టోబరు 1 నుంచి 1956 నవంబరు 1 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అని తెలీదు. కోస్తా, సీమ నాయకుల మధ్య 1937లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక పేరే విని ఉండడు. సీమ వాళ్ళు ఏమడిగి ఆ ఒప్పందానికి వచ్చినారో తెలిస్తే, ఈ రోజు పేపర్లో నీళ్ళ గురించి, హైకోర్టు గురించి వచ్చే వార్త కూడా అర్థమవుతుంది.

మా జేజినాయన ఆ మూడేళ్ళు ఇక్కడ గుమాస్తా. ఆఫీసులు గుడారాల్లో నడిచినాయి. వానొస్తే ఫైళ్ళు మంచాల మీదికెక్కించి తాము తడుస్తా నిలబడేవాళ్ళమని చెప్పేవాడు. రాస్తే ఇట్లాంటివి రాయండి మేడం.

బడి టీచరు, అనంతపురం

అన్నా, ఒక మాట. మీ జేజినాయన తడిసిన సంగతి ఏ రికార్డులో ఉంది? ఆయన చెప్పినాడు, మీరు విన్నారు, నాకు చెప్పినారు. అది మా పుస్తకంలో పెట్టాలని నాకిప్పుడే అనిపిస్తోంది. కానీ పెడితే, నోటిమాటకు చోటిచ్చినట్టే కదా?

దేవునికడప

మేము ముస్లిములం. మా ఇంట్లో ఉగాది ఎట్ల మొదలవుతుందో చెబుతాను. తెల్లవారకముందే మా జేజి లేపుతుంది. టెంకాయ, బియ్యం, బెల్లం, చింతపండు ఒక సంచిలో సర్ది, దేవునికడప వెంకటేశ్వరస్వామి గుడికి పోతాం. స్వామికి భత్యం ఇచ్చి, తీర్థం తీసుకొని వస్తాం. ఆ పొద్దు క్యూలో సగం బురఖాలే ఉంటాయి. కడపోళ్ళకిది వింత కాదు. బయటూరి నుంచి వచ్చినోళ్ళు మాత్రం నిలబడి చూస్తారు.

ఎందుకు పోతాం? స్వామి బీబీ నాంచారమ్మను పెండ్లాడినాడు కాబట్టి. అంటే ఆయన మా ఇంటి అల్లుడు. పండగనాడు అల్లుణ్ణి పలకరించకుండా ఉంటారా?

ఈ పెండ్లికి శాసనం చూపించమంటే నా దగ్గర లేదు. శాసనప్రియ సారు లెక్కన ఇది పుస్తకంలో ఉండకూడదు. అప్పుడు పిల్లలకేం రాస్తారు? "ఉగాదినాడు ముస్లిములు ఈ గుడికి వస్తారు" అని రాసి చుక్క పెడతారా? పిల్లలు "ఎందుకు?" అంటే? మేము అక్కడికి పోవడం కళ్ళెదుట కనపడే నిజం. ఆ నిజం నిలబడింది కథ మీద. కింద రాయి తీసేస్తే పైన గోడ ఉంటుందా సార్?

సీమంటే కరువూ, సినిమాల్లో చూపించే కత్తులూ తప్ప ఏమీ లేదని నమ్మే పిల్లలు ఇతర జిల్లాల్లో ఎంతమందో ఉన్నారు. వాళ్ళ చేతిలో మీ పుస్తకం పడాలని నా కోరిక. అందుకే ఇంత పొడుగు రాసినాను.

శాసనప్రియ, ప్రొద్దుటూరు

మీ మాట నన్ను కదిలించింది. ఉగాది సంగతిలో మీరు చెప్పిందే సరి, నేను ఒప్పుకుంటున్నా.

నేను కథలకు శత్రువును కాను. రెండు వందల ఏళ్ళ కిందట ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ దత్తమండలాల్లో, అంటే మన సీమలో, సర్వే చేసేటప్పుడు, ఆయన కింద పనిచేసిన కావలి లక్ష్మయ్యా ఆయన మనుషులూ ఊరూరా తిరిగి కరణాల కాడ విన్నదంతా రాసిపెట్టినారు. అవే కైఫియత్తులు. కడప జిల్లావి మన బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం అచ్చు వేసింది. వాటిల్లో రాజులూ ఉన్నారు, మాట్లాడే దేవుళ్ళూ ఉన్నారు. నేనూ వాటిని చదువుకునే ఈ దోవ పట్టినాను. కానీ ఏది రాజుల సంగతో, ఏది దేవుళ్ళ సంగతో పెద్దవాడు వేరు చేసుకోగలడు. ఆరో తరగతి పిల్ల చేసుకోగలదా? నా భయమంతా అక్కడే.

కదిరి నుంచి

ఇద్దరి మాటా విన్నాను. నాకు ఇంకో రకం భయం ఉంది.

మాది కదిరి. తిమ్మమ్మ మర్రిమాను అందరికీ తెలుసు. ఒకే చెట్టు, వెయ్యికి పైగా ఊడలు, దాదాపు ఐదెకరాలు. 1989లో గిన్నిస్ బుక్కుకెక్కింది. తిమ్మమ్మ భర్తతో సహగమనం చేసిందనీ, ఆ చితికి నాటిన గుంజే చిగురించి ఈ మాను అయిందనీ కథ. పిల్లల్లేని వాళ్ళు వచ్చి మొక్కుకుంటారు. నేనూ మొక్కుకున్నదాన్నే.

పోయిన సంక్రాంతికి మా చెల్లెలి కూతురిని తీసుకుపోయినాను. ఆరో తరగతి. ఊడల నడుమ ఉన్న చిన్న గుడిలో దండం పెట్టుకుంది. కథంతా విని, నా కొంగు పట్టుకొని, "పెద్దమ్మా, ఆమెకు భయం కాలేదా?" అని అడిగింది.

నేను జవాబు చెప్పలేకపోయినాను.

ఇప్పుడు చెప్పండి. ఈ కథను ఉన్నదున్నట్టు రాస్తే, భర్తతో కాలిపోవడం గొప్ప అని ఆడపిల్లకు నేర్పినట్టవుతుంది. తీసేస్తే ఏమవుతుంది? ఆ పిల్ల ఏదో ఒకనాడు చెట్టు కాడికి పోతుంది, ఎవరో ఒకరు కథ చెప్తారు, అప్పుడు పక్కన ఏ పుస్తకమూ ఉండదు. అందుకే తీసేయొద్దంటాను. కానీ 1829లో సతిని నేరమని చట్టం చేయాల్సి వచ్చిందని, మరుసటేడు మద్రాసు రాజధానిలోనూ చేసినారని అదే పేజీలో ఉండాల. ఊడలు నేలకు దిగి కాండాలై ఒక్క చెట్టే తోటగా ఎట్ల మారుతుందో ఉండాల. ఆ పిల్ల అడిగిన ప్రశ్న కూడా ఉండాల. జవాబు లేకపోయినా పర్వాలేదు.

కర్నూలు వాసి

కదిరి అక్క మాట సరే. కానీ ఉన్నవి 48 పేజీలు. ఒక్కో కథకూ ఇంత పక్కమాట రాస్తే శ్రీబాగ్ ఎక్కడ పడుతుంది, కరువు ఎక్కడ పడుతుంది? 1866 కరువులో వేలమందికి అన్నం పెట్టిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డికి ఒక్క పేజీ అయినా వద్దా?

బడి టీచరు, అనంతపురం

తప్పకుండా ఉంటుందన్నా. రాయలవారి యుద్ధాలు తీసేస్తాం. పాఠ్యపుస్తకంలో ఎట్లాగూ ఉన్నాయి.

నాలుగు రోజులు ఇటు రాలేదు. లేపాక్షి పేజీని రెండు రకాలుగా రాసి పిల్లల ముందు పెట్టి చూద్దామనిపించింది. అదెట్ల జరిగిందో చెబుతాను.

ఇది తట్టింది పొయ్యికాడ. మా అమ్మ ఏదో చెప్తా "వాళ్ళు ఊరు ఇడిసిపోయినారంట" అనింది. "అంట" అనింది! మన భాషలో ఈ తేడా పుట్టుకతోనే ఉంది. "పోయినాడు" అంటే చూసినోడు చెప్పినట్టు. "పోయినాడంట" అంటే విన్నోడు చెప్పినట్టు. రెండేళ్ళ పిల్లకు కూడా ఇది తెలుసు. మనం పుస్తకం రాయడానికి కూర్చుంటే దీన్నే మరిచిపోతాం, అన్నిటికీ ఒకే గొంతు పెడతాం.

కాబట్టి ఇట్ల రాసినాను. పేజీ పైభాగంలో: విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు. అచ్యుతరాయల కాలంలో గుడి కట్టించినారు. కల్యాణమండపం పూర్తి కాలేదు. కింది భాగంలో: ఖజానా సొమ్ము వాడినాడని రాజుకు చెప్పినారంట. కళ్ళు తానే పీక్కున్నాడంట. ఆ మరకలు ఇవేనంట. పైదానికి "రాయి చెప్పింది, కన్ను చూసింది" అని, కిందిదానికి "ఊరు చెప్పింది" అని పేరు పెట్టినాను.

ఏడో తరగతిలో చదివించినాను. ఒక పిల్లోడు లేచి, "మేడం, మరకలు నెత్తురుదైతే ఇన్నేండ్ల వానకు కడుక్కోని పోలేదా?" అన్నాడు. ఇంకో పిల్ల, "మండపం ఎందుకు ఆగిపోయిందో ఇంకేడన్నా రాసుందా?" అనింది. కథ తీసేసిన పేజీ చదివిన రెండో సెక్షనులో ఎవరూ ఏమీ అడగలేదు. మరకల ఊసే లేదు కాబట్టి అడగడానికేమీ లేదు. శాసనప్రియ సార్, కథ నిజాన్ని మింగుతుందని మీరన్నారు. ఆ పిల్ల మాత్రం కథ విన్నాకే శాసనం కావాలని అడిగింది.

శాసనప్రియ, ప్రొద్దుటూరు

ఆ పిల్ల అడిగిన ప్రశ్న నేను కాలేజీలో కూడా అడగలేదు మేడం. రెండు గొంతులు మంచి దోవ. నాదొక్క షరతు. "ఊరు చెప్పింది" అని ఊరికే వదలొద్దు. ఏ ఊరు, ఎవరు, దొరికితే ఎప్పుడు అని రాయండి. కైఫియత్తులో ఉంటే అదే రాయండి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేజీలోనూ అట్లే చేయండి. నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల పింఛను, 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరి, ఇవన్నీ పైభాగంలో. ఆయన మీద పాడుకునే పాటలు కింది భాగంలో. పాట పాడినాయన ఊరి పేరుతో సహా.

బడి టీచరు, అనంతపురం

అట్లే చేస్తాం సార్. మా సారు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. "అంట" పుస్తక భాష కాదంటున్నారు. ఆయనతో ఆ వాదన ఇంకా నడుస్తోంది. దేవునికడప అన్నా, ఉగాది పేజీ మీరే రాయాల. జేజి సంచి సర్దడంతోనే మొదలుపెట్టండి. కదిరి చెల్లెమ్మా, తిమ్మమ్మ పేజీ ఖాళీగా పెట్టినాను.

కదిరి నుంచి

రాస్తానక్కా. ఆదివారం చెట్టు కాడికి పోతున్నా. పిల్లను కూడా తీసుకుపోతా.