ముసురు కురిసిందా, పట్టిందా?

అందరికీ నమస్కారం. నిన్న ఒక వార్తలో 'ముసురు కురిసింది' అని చదివాను. అప్పటినుంచి మనసులో మెదులుతూనే ఉంది. మా ఇంట్లో ఎప్పుడూ 'ముసురు పట్టింది' అనే అంటారు.

మా విశాఖలో మాధవధార నుంచి సింహాచలం కొండ మీదికి మెట్ల దారి ఉంది. వారానికి రెండుసార్లు పొద్దున్నే ఆ దారిన పరిగెత్తి వస్తాను. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉన్న రోజుల్లోనూ మానను. ఈ మాట నాకు అక్కడే బోధపడింది. కింద నిలబడితే తల మీద బూడిదరంగు మబ్బు, సన్న చినుకు, అంతే. సగం మెట్లు ఎక్కేసరికి ఆ మబ్బు పైన ఉండదు, చుట్టూ ఉంటుంది. సముద్రం మీంచి వచ్చిన తేమగాలి కొండకు తగిలి, పైకి లేచి, చల్లబడి అక్కడే మబ్బవుతుంది. పది మెట్ల అవతల చెట్టు కనబడదు. చినుకు ఎటునుంచి వస్తోందో తెలియదు, కనురెప్పలు మాత్రం తడుస్తుంటాయి.

బెల్లం చుట్టూ ఈగలు ముసురుతాయి, బుర్రలో ఆలోచనలు ముసురుకుంటాయి. ఈ వానా అంతే, చుట్టుముడుతుంది. అందుకే దయ్యంలాగే ముసురూ 'పట్టింది', 'వదిలింది' అంటాం. కురిసేవి జల్లు, జడివాన.

ఎంత పడిందన్నది ముసురుకు లెక్కే కాదు. వాతావరణ శాఖ 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు పడితే భారీ వర్షం అంటుంది. రోజంతా ముసురు పట్టినా అందులో నాలుగోవంతు పడకపోవచ్చు. కానీ రాళ్ల మీద నాచు ఆరదు, రోకలిబండ పురుగులు మెట్లెక్కుతాయి, పిట్టలు నోరు విప్పవు. జోరువాన మట్టిని కడిగేస్తుంది, ముసురు జిగటగా నానబెడుతుంది. నేను జారి మోకాలు కొట్టుకున్నది ముసురులోనే.

— అన్నా, మాది కరీంనగర్ పక్క ఊరు. మా నాయిన 'ముసురు వట్టింది, బట్టలు ఆరవు' అంటడు. మా ఊళ్లో కొండ లేదు, మబ్బు ఎవరినీ చుట్టుకోదు. మాట మాత్రం ఇదే కదా?

— నిజమే తమ్ముడూ, నేను కొండ మీంచే చూశాను. మీ దగ్గర మబ్బు ముసిరేది మనిషిని కాదు, పొద్దుని. రెండు మూడు రోజులు ఎండ మొహం కనబడదు కదా. 'పట్టింది' అన్నది మీకూ ఉన్నందుకు చాలా సంతోషం. మరి వదిలితే ఏమంటారు? మేం 'తెరిపిచ్చింది' అంటాం.

— 'గెరువిచ్చింది' అంటం అన్నా.

— ఈ మాట నాకు కొత్త. మొన్న మబ్బు చీలి కింద మాధవధార ఇళ్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి. దాన్ని ఏమనాలో అప్పుడు తోచలేదు.