సుందరయ్య గారి భార్య లీల గారి గురించి ఎవరైనా చెప్పగలరా?

కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారిది నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూములున్న రెడ్డి కుటుంబం. పేరు చివరి రెడ్డిని ఆయన వదిలేశారు, ఆస్తినీ వదులుకున్నారు. ఇదంతా ఎక్కడ చూసినా ఉంటుంది. 1943లో ఆయన లీల గారిని పెళ్లి చేసుకున్నారు. ఆవిడ బొంబాయిలో కమ్యూనిస్టు పార్టీ కేంద్ర ఆఫీసులో పనిచేసేవారు. ఉద్యమం కోసం ఇద్దరూ పిల్లలు వద్దనుకున్నారు. నేను చదివినంతలో అది ఆయన త్యాగం కిందే లెక్క, ఆవిడది ఒక్క వాక్యంలో తేల్చేస్తారు! నాకు కావలసింది ఆ రెండో సగం. లీల గారి పుట్టింటివాళ్లు ఈ పెళ్లికి ఏమన్నారు? ఆవిడ ఇంటర్వ్యూ గానీ, సొంతంగా రాసింది గానీ ఎక్కడైనా దొరుకుతుందా? ఇంట్లో పాత పార్టీ పత్రికలున్నవాళ్లు, ముఖ్యంగా నెల్లూరు, విజయవాడ వైపువాళ్లు, కాస్త వెతికి చెప్పండి.