కీటో గోడ మీద రాత: ‘దానికే’నా, ‘అదే’నా?

అరసున్న:
మొన్నటి నుంచి ఒక వాక్యం సగమే గుర్తొచ్చి సతాయిస్తోంది. ఈక్వడార్‌లో స్పెయిన్ పాలన పోయినప్పుడు రాజధాని కీటో గోడల మీద ఎవరో రాశారని చెప్పుకునే మాట. ‘నిరంకుశత్వానికి ఆఖరి రోజు, ... మొదటి రోజు’. మధ్యలోది జారిపోయింది. ‘దానికే మొదటి రోజు’ అని ఉందా, ‘మళ్ళీ అదే’ అని ఉందా? నేను చదివిన తెలుగులో చక్కటి అంత్యప్రాస కూడా ఉండేది. అది ఏ ఏడాది మాటో కూడా ఎవరైనా చెబుదురూ.

గోదారి గట్టు:
స్పానిష్ మూలం ఇదండీ: ‘ఉల్తిమో దీయా దెల్ దెస్పొతీస్మొ, ఇ ప్రిమేరో దె లో మీస్మొ’. ప్రాణమంతా ఆ తీస్మొ, మీస్మొల్లోనే ఉంది. ప్రాస తీసేసి అర్థం ఒక్కటీ చెబితే ఉప్పులేని పప్పే. నా వంతు: ‘దొరతనం నిన్నటితో సరి, నేటి నుంచి మళ్ళీ అదే మరి’.

బండి ఱ:
‘మరి’ మీరు పాదపూరణకు తెచ్చుకున్నది గట్టుగారూ, దానికక్కడ వేరే పనేమీ లేదు. అసలు కిటుకు ‘లో’ దగ్గర ఉంది. దెస్పొతీస్మొ పుంలింగం. రాసినవాడు ‘దెల్ మీస్మొ’ అని ఉంటే ‘ఆ నిరంకుశత్వానికే’ అని వచ్చేది, ప్రాసా చెడేది కాదు. కానీ ‘దె లో మీస్మొ’ అన్నాడు. ‘లో’ నపుంసకం, ఏ నామవాచకాన్నీ పట్టుకుని ఉండదు. ‘ఆ బాపతుకే’ అన్నట్టు. కాబట్టి అరసున్నగారూ, ‘దానికే’ కుదరదు.

మజిలీ:
మేష్టారూ, గోడ మీద చాటుగా రాసిపోయేవాడు లింగాలు చూసుకుని రాస్తాడా? ‘ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి’ అని మనకు తయారుగా సామెత ఉండనే ఉంది. మా దిక్కు అయితే ఇంకా పొట్టిగ అంటరు: ‘దొరలు పోయిన్రు, దొరలొచ్చిన్రు’. ప్రాస గీస మనకేం కొత్త కాదు.

బండి ఱ:
నీ వాక్యంలో వచ్చినవాళ్ళెవరో చెప్పేశావు నాయనా. మూలం చెప్పదు. చెప్పకపోవడమే అందులోని వెటకారం. ఇక లింగాలంటావా, చాటుగా రాసినా అది వాడి అమ్మ భాష. వాడికి తెలియక మనకు తెలుస్తాయా?

పాలపిట్ట:
ప్రాస మీరు తేల్చుకోండి, నాకు తేదీ కావాలి. కొందరు దీన్ని 1809 ఆగస్టు 10కి అంటగడతారు. నాకు నమ్మబుద్ధి కాదు. ఆ రోజు కీటో పెద్దలు పెట్టిన పాలక సభ స్పెయిన్ రాజు ఫెర్నాండో పేరు మీదే ప్రమాణం చేసింది. నెపోలియన్ చెరలో ఉన్న మా రాజు తరఫున మేం ఏలుతాం అన్నారు, అంతవరకే. అధ్యక్షుడు సెల్వా అలెగ్రే మార్కీసు అనే బిరుదున్న హువాన్ పీయో మొంతూఫర్. మూడు నెలలైనా నిలవలేదు. ఏడాది తిరిగేలోపే, 1810 ఆగస్టు 2న, ఖైదులో పెట్టినవాళ్ళను లీమా నుంచి దిగిన సైనికులు బరాకుల్లోనే నరికేశారు. ఆ ఊరు అప్పుడు ఎకసెక్కాలాడే స్థితిలో లేదు.

1822 చూడండి. మే 24న పిచించా అగ్నిపర్వతం వాలు మీద, స్పెయిన్‌తో పోరాడుతున్న బొలీవర్ సేనాని సూక్రే గెలిచాడు, అప్పటికి ఆయన వయసు 27. మర్నాడు స్పెయిన్ వైపు అధిపతి ఐమెరిచ్ లొంగిపోయాడు. 29న కీటోను కొలంబియాలో కలుపుతూ సంతకాలైపోయాయి. మాడ్రిడ్ పోయి వారం తిరక్కుండా కొలంబియా రాజధాని బొగొటా వచ్చి కూర్చుంది. ఆఖరి రోజూ మొదటి రోజూ ఒకదాని పక్కన ఒకటి పడేది ఇక్కడే.

మజిలీ:
అక్కా, నన్నడిగితే 1830 ఇంకా బాగా అతుకుతుంది. మే 13న కొలంబియా నుంచి విడిపోయారు. సొంత దేశమని మురిసేలోపు మొదటి అధ్యక్షుడు ఫ్లోరెస్, వెనెజులాలోని ప్వెర్తో కబెయ్యో మనిషి. రియోబాంబాలో రాసుకున్న రాజ్యాంగం తీసి చూడండి. పౌరుడు అనిపించుకోవాలంటే 300 పెసోల ఆస్తో, ఒకరి కింద కూలి కాని వృత్తో ఉండాలి, చదవడం రాయడం రావాలి. మరి కొండల్లో దున్నుకునే ఆదివాసులో? వాళ్ళకు 68వ అధికరణం. ఊరి చర్చి పూజారులను వాళ్ళకు ‘సంరక్షకులు, సహజ తండ్రులు’గా నియమించింది. ఆదివాసులకు అందులో పెట్టిన విశేషణాలు: అమాయకం, నీచం, దీనం. మూడూ ఒకే వరసలో, రాజ్యాంగంలో!

పన్ను కథ ఇంకా బాగుంటుంది. రాజుగారికి ఆదివాసులు కట్టే కప్పాన్ని 1821లో కూకుతాలో కూర్చున్న కొలంబియా కాంగ్రెస్ ఎత్తేసింది. 1828లో కొలంబియా అధినేత బొలీవరే తిరిగి పెట్టాడు. ఈసారి దాని పేరు ‘వ్యక్తిగత విరాళం’. ఈక్వడార్‌లో అది పోయింది 1857లో. ఇంతకన్నా లో మీస్మొ ఏముంటుంది?

బండి ఱ:
నా పని నువ్వే చేసిపెట్టావు. కప్పం, పూజారి పెత్తనం, ఆస్తి ఉన్నవాడికే పౌరసత్వం, ఇవన్నీ ఒక్క ‘నిరంకుశత్వం’ అన్న మాటలో ఇమడవు. అందుకే ‘లో’. ఇంకో సంగతి, నువ్వనే ఏడాది ఒప్పుకుంటే ఆ గోడ రాత స్పెయిన్‌ని కాదు, బొగొటాని వెక్కిరించినట్టవుతుంది.

పాలపిట్ట:
అదే నేనూ అడుగుతున్నాను. ఆ ముక్క నోటి మీద తిరుగుతూ ఏ రోజుకు ఆ రోజు అతుక్కుపోయింది. మొదట అతుక్కున్నది 1822కే అని నా పట్టుదల.

నెమలికన్ను:
ఇంతసేపు ఈక్వడార్ గురించి మాట్లాడి ఓల్మేదో పేరు ఎత్తకపోవడం అన్యాయమండీ. హోసే హోకీన్ దె ఓల్మేదో, గుయాకిల్ కవి. 1820 అక్టోబరు 9న గుయాకిల్ స్వతంత్రం ప్రకటించుకున్నాక ఆ ఊరి ప్రభుత్వానికి పెద్ద ఆయనే. 1822 జులైలో బొలీవర్ సైన్యంతో దిగి ఊరిని కొలంబియాలో కలిపేసుకుంటే అలిగి లీమా వెళ్ళిపోయాడు. అలిగిన మనిషే, పెరూలోని హునీన్ దగ్గర స్పెయిన్ మీద వచ్చిన విజయం మీద బొలీవర్‌ను పొగుడుతూ అంత పెద్ద కావ్యం రాశాడు! మొదటి పాదమంతా ఉరుము. నాలుక మీద ర్ర్ర్ అని దొర్లుతుంది. బండి ఱ మేష్టారు వింటే కుర్చీలో కూర్చోలేరు.

దాన్ని చదివి బొలీవర్ 1825లో కూస్కో నుంచి ఉత్తరాలు రాశాడు. నన్ను దేవతల రాజు జూపిటర్‌ని చేశావు, సూక్రేని యుద్ధదేవుడు మార్స్‌ని చేశావు అని ఎగతాళి. ఇన్కా రాజు వైనా కాపాక్ ఆకాశంలో ప్రత్యక్షమై ఎడతెరిపి లేకుండా మాట్లాడతాడు, కావ్యానికి నాయకుడు ఆయనేనేమో అనిపిస్తోంది అని ఫిర్యాదు. కృతిభర్తే విమర్శకుడై కూర్చోవడం మన ప్రబంధాల కాలంలో ఎవరికైనా దక్కిందా?

గోదారి గట్టు:
మీ కవిగారి మిగతా కథా చెప్పండి మరి. 1830లో ఫ్లోరెస్ దగ్గర ఉపాధ్యక్షుడు. 1835లో మిన్యారీకాలో ఫ్లోరెస్ ఈక్వడార్ వాళ్ళ మీదే గెలిస్తే దానికీ ఒక ప్రశస్తి రాశాడు. 1845లో గుయాకిల్ ఫ్లోరెస్ మీద తిరగబడితే, తాత్కాలిక ప్రభుత్వంలోని ముగ్గురిలో ఒకరు మళ్ళీ ఈయనే.

నెమలికన్ను:
కాదని ఎవరన్నారు? స్పెయిన్‌లోని కాడిజ్ పార్లమెంటుకు వెళ్ళి 1812లో వెట్టిచాకిరీ రద్దు చేయమని మాట్లాడిందీ ఈయనే. ఆండీస్ కొండల గనుల్లో ఆదివాసుల చేత బలవంతంగా చేయించే పనిని ‘మీతా’ అనేవారు. అది వదిలేసి మిన్యారీకా ఒక్కటే పట్టుకుంటే ఎలా? పద్యం మాత్రం హునీన్ కంటే మిన్యారీకాదే బిగువుగా ఉంటుంది, అది మీకు నచ్చకపోయినా.

అరసున్న:
అయ్యా, అమ్మా, నా ఖాళీ ఇంకా ఖాళీగానే ఉంది. ‘మళ్ళీ అదే’ పెట్టేసుకోనా?

బండి ఱ:
‘మళ్ళీ’ ఎందుకు? మూలంలో లేదు. ‘నిరంకుశత్వానికి ఆఖరి రోజు, అదే బాపతుకు మొదటిది.’ ఇక గట్టుగారు ‘మీస్మొ’ అని రాస్తున్నారు, అది వినలేకపోతున్నాను. మకారం ముందు సకారం నాదమవుతుంది. ‘మీౙ్మొ’ అనాలి. మామూలు జ కాదు, ‘రోజు’లో పలికే దంత్యం.

గోదారి గట్టు:
దెస్పొతీస్మొలోనూ మకారం ముందే ఉంది, రెండూ కలిసే మారతాయి. నా ప్రాసకు వచ్చిన నష్టం లేదు.

పాలపిట్ట:
కీటో వాళ్ళ పలుకుబడిలో పదం చివరి స తర్వాత అచ్చు వచ్చినా అలాగే నాదమవుతుంది. ఆ కొండ ప్రాంతం మాటకు అది గుర్తు. మేష్టారి ౙకు నా ఓటు.

మజిలీ:
ఓటు సరే, నీకు 300 పెసోలున్నయా అక్కా? అయినా ఆ ౙ నా ఫోన్‌లో ఏ మీట కింద ఉందో ముందు చెప్పండి.