లింక్డ్‌ఇన్‌లో పరిచయం లేని సీనియర్లకు ఏమని రాయాలి?

అందరికీ నమస్కారం. విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలను వేరుచేసి కొలిచే పరికరం) మీద పనిచేస్తున్న నేను, మందుల అనుమతుల కోసం దరఖాస్తు పత్రాలు సిద్ధం చేసే రెగ్యులేటరీ అఫైర్స్ విభాగంలోకి మారాలనుకుంటున్నాను. ఆ ఉద్యోగాలు ఎక్కువగా కనిపిస్తున్న హైదరాబాద్‌లో నాకు తెలిసినవారు లేరు కనుక లింక్డ్‌ఇన్ మీదే ఆధారపడుతున్నాను.

మా కాలేజీ పేజీలో పూర్వ విద్యార్థులను ఊరు, చేసే పని వారీగా వడగట్టి చూస్తే ఆ రంగంలో ఉన్న సీనియర్లు చాలామందే కనిపించారు. అయితే ఉచిత ఖాతాలో పరిచయం కోరే ఆహ్వానంతోపాటు సందేశం పంపే అవకాశం నెలకు కొద్దిమందికే ఉంటుంది, అదీ రెండు మూడు వాక్యాలకు మించదు. “సర్, మీ కంపెనీలో ఖాళీలున్నాయా?” అని మొదటి పలకరింపులోనే అడగడం నాకు మర్యాదగా అనిపించడం లేదు. అలాగని వారి పని గురించి ఒక ప్రశ్న అడిగి ఊరుకుంటే, నా అవసరం దాచినట్టవుతుందేమోనన్న సంకోచం ఉంది. ఈ రెండింటిలో ఏది మేలు? అసలు ముందు రాయవలసింది రిక్రూటర్లకా, ఆ పని చేస్తున్నవారికా?

మరొక సందేహం. ఉద్యోగం వెతుకుతున్నామని తెలిపే ‘ఓపెన్ టు వర్క్’ గుర్తును రిక్రూటర్లకు మాత్రమే కనిపించేలా పెట్టుకున్నా, మన కంపెనీవారికి తెలియదని పూర్తి హామీ ఇవ్వలేమని లింక్డ్‌ఇన్ స్వయంగా చెబుతోంది. ఇల్లు నా జీతంతోనే గడుస్తున్నందున ఈ విషయంలో నాకు భయంగా ఉంది.

ఇలా విభాగం మారినవారు, ముఖ్యంగా కొత్తవారిని ఎంపిక చేసే స్థానంలో ఉన్నవారు, ఎలాంటి సందేశానికి మీరు జవాబిస్తారో దయచేసి ఒక నమూనాతో చెప్పగలరా?