‘కడుపారడి’నా, ‘కడుపారగ’నా? మా అమ్మ చదివిన పాదం గురించి

వేపపూత:
గ్రూపులో పెద్దలకు నమస్కారం. వచ్చే నెల మా అమ్మ సంవత్సరీకం. వచ్చినవాళ్లకు ఇవ్వడానికి చిన్న కార్డు వేయిస్తున్నాం. ఒకవైపు ఫోటో, రెండోవైపు అమ్మ రోజూ చదువుకున్న పోతన భాగవతంలోని ‘అమ్మలఁ గన్నయమ్మ’ పద్యం. టైపు చేద్దామని కూర్చుని రెండో పాదం దగ్గర ఆగిపోయాను. పుస్తకంలో ‘సురారులమ్మ కడుపాఱడి పుచ్చిన యమ్మ’ అని ఉంది. నా చెవిలో ఉన్నది అది కాదు. అమ్మ పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, పొంగుతాయని గిన్నె దగ్గరే నిలబడి చదివేది. ‘కడుపారగ గాచిన యమ్మ’ అనేది. పాలు కాచిన అమ్మ అనుకునేదాన్ని చిన్నప్పుడు, అందుకే అంత గుర్తు. ఇలాంటి పాఠం ఎక్కడైనా ఉందాండీ?

బండి ఱ:
నేను చూసిన ప్రతుల్లో లేదమ్మా. ‘కడుపాఱడి పుచ్చిన’ అనే ఉంది. సురారులమ్మ అంటే రాక్షసుల తల్లి దితి, ఆవిడకు కడుపుశోకం పెట్టిన తల్లి దుర్గ. మీరు విన్నది నోటి మీద మారిన మాట అయ్యుంటుంది.

మడతపేజీ:
దితే అని అంత గట్టిగా ఎలా అంటారు మాస్టారూ? దుర్గ చంపినవాళ్లలో మొదట చెప్పుకునేది మహిషుణ్ణి. వాడు రంభుడి కొడుకు, రంభుడు దనువు కొడుకు. ఆ లెక్కన ఏడవాల్సింది దనువు. ఇంకో సంగతి, మా నాన్నగారు ‘కడు – పారడి’ అని విరిచి చదివేవారు. ‘మిక్కిలి’ అనే కడు.

బండి ఱ:
మీ నాన్నగారి మీద గౌరవంతోనే చెబుతున్నా, అలా విరవకూడదు. ఉత్పలమాల, యతి పదో అక్షరం, అంటే అది పాదం మొదటి అక్షరంతో కలవాలి. పాదం మొదట్లో ‘ద్ద’ ఉంది, అది పెద్ద + అమ్మ, అంటే లోపల అకారం. పదో అక్షరం ‘పా’. దానికీ లోపల ఆకారం ఉంటేనే యతి చెల్లుతుంది. కడుపు + ఆఱడి అంటే ఉంది. కడు + పారడి అంటే లేదు. పోతన యతి తప్పాడంటారా?

మడతపేజీ:
తప్పాడనలేదండీ, మా నాన్నగారు తప్పారంటే ఒప్పుకుంటా. దనువు సంగతి మాత్రం అలాగే ఉంది.

ఓరుగల్లు పిల్ల:
మా బమ్మెర పోతన్న మీద మాట పడితే ఊరుకోం సార్ 🙂 ‘ఆరడి’ పాత మాట అని అందరూ నిఘంటువులు తీస్తారు గానీ, మనం రోజూ వాడుతున్నదే. అత్తింటి ఆరళ్లు అంటాం చూడండి, ఆ ఆరళ్లు ఈ ఆరడికి బహువచనమే. ఏకవచనం మరిచిపోయాం, బహువచనం మాత్రం పేపర్లో వస్తూనే ఉంది. కడుపారడి అంటే కడుపు పడిన ఆరడి. ఇక ‘కాటుక కంటినీరు’ పద్యంలో సరస్వతిని ‘గాదిలి కోడల, యో మదంబ’ అని రెండు వరుసలూ కలిపి పిలిచింది గుర్తు తెచ్చుకోండి. ఒకింటి కోడలు, ఇంకొకరికి అమ్మ. ఆ పిలుపు ఒక్కటి చాలు నాకు, మిగతా కవులంతా తర్వాతే.

బండి ఱ:
అది చాటువు, నోటి మీద నిలిచిన విడి పద్యం. పోతన రాశాడని చెప్పుకోవడమే.

ఓరుగల్లు పిల్ల:
చెప్పుకోవడానికి వేరే కవి పేరు ఎందుకు రాలేదంటారు?

మడతపేజీ:
దితి అంటే గుర్తొచ్చింది. షష్ఠ స్కంధంలో ఇంద్రుడు దితి కడుపులో దూరి పిండాన్ని నలభైతొమ్మిది ముక్కలు చేస్తాడు, ఏడవకండి అంటాడు, వాళ్లే మరుత్తులు. కడుపారడి అన్నప్పుడు పోతన మనసులో ఆ కథ ఉందేమో.

బండి ఱ:
షష్ఠ స్కంధం పోతనది కాదు, ఏర్చూరి సింగనది. పైగా ఆ పని చేసింది ఇంద్రుడు, దుర్గ కాదు.

మడతపేజీ:
సంస్కృత భాగవతం పోతన చదవలేదనేలా ఉన్నారు!

అరసున్న:
అందరూ మూలం వదిలేశారు. ‘ఆఱడి పుచ్చిన’నా, ‘ఆఱడిఁ బుచ్చిన’నా? అరసున్న ఉంటే ప కాస్తా బ అవ్వాలి. ఇప్పుడు నెట్‌లో సగం మంది అరసున్న తీసేసి బ మాత్రం ఉంచుతున్నారు. గుర్రం పోయాక కళ్లెం మిగిలినట్టు.

వేపపూత:
అందరికీ ధన్యవాదాలు. సగం అర్థం కాలేదు గానీ చదువుతుంటే బాగుంది. ఈలోగా మా ఎదురింటి అత్తయ్యగారికి ఫోన్ చేశాను. ఆవిడా అమ్మా నలభై ఏళ్లు కలిసి వడియాలు పెట్టారు, దెబ్బలాడుకున్నారు, మళ్లీ ఆ సాయంత్రమే గిన్నెలో పులుసు పంపుకున్నారు. ఆవిడ చెప్పింది ఇది. ‘మొదట్లో మీ అమ్మ పుస్తకంలో ఉన్నట్టే చదివేది. మీ అన్నయ్య పోయాక మార్చుకుంది. ఏమిటే అది, తప్పు చదువుతున్నావంటే, రాక్షసులైతే మాత్రం వాళ్లమ్మకు బిడ్డలు కారా, నేను అనలేనే ఆ మాట అంది.’ నాకు ముందు ఒక అన్నయ్య ఉన్నాడనీ, రెండో ఏట జ్వరం వచ్చి పోయాడనీ తెలుసు. ఇంట్లో ఆ ఊసు ఎప్పుడూ వచ్చేది కాదు. ఈ పద్యంలో ఉందని నాకు తెలియదు.

ఓరుగల్లు పిల్ల:
అక్కా 🙏

బండి ఱ:
అమ్మగారు ఎంతవరకు చదువుకున్నారో అడగవచ్చా? ఎందుకంటే నోటి మీద మారిన మాట అని నేను తేలిగ్గా అనేశాను. ఇప్పుడు గణాలు కట్టి చూశాను. ‘కడుపాఱడి పుచ్చిన యమ్మ’ ఉన్నచోట ‘కడుపారగ గాచిన యమ్మ’ అక్షరానికి అక్షరం సరిపోయింది. భగణం చోట భగణం. యతిస్థానంలో ‘పా’ కదల్లేదు, లోపలి ఆకారమూ పోలేదు. తోచింది వేస్తే ఇలా కుదరదు.

వేపపూత:
ఎనిమిదో తరగతి మాస్టారూ. ఛందస్సు అనే మాట అమ్మ నోట ఎప్పుడూ వినలేదు. తాతయ్య పద్యాలు చదువుతుంటే విని నేర్చుకుందట.

బండి ఱ:
చెవి. అంతే. నేను గణాలు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటా, ఇప్పటికీ.

మైలాపూర్ మావయ్య:
నేను ఇంతసేపూ ఊరుకున్నాను గానీ అసలు ముడి అంతా ‘ర’ దగ్గర ఉంది. కడుపారగా, కడుపాఱగా? మామూలు ర అయితే కన్నార, నోరార లాంటిది, నిండుగా అని. బండి ఱ అయితే ఆఱు, అంటే చల్లారడం. మా తమిళం వాళ్లకు ఈ తేడా ఇంకా రాతలో ఉంది. వయిఱార అంటే కడుపు నిండా. ఆఱుదల్ అంటే ఓదార్పు. మీ అమ్మగారు అన్నది కడుపు నిండేలా కాచిన అనా, కడుపు మంట ఆరేలా కాచిన అనా?

బండి ఱ:
అనుమానమే లేదు, శకటరేఫమే, అదే బండి ఱ. మూలంలో ఆఱడి శకటరేఫం, దానికి విరుగుడుగా పెట్టిన ‘ఆఱగ’ కూడా అదే. ‘కడుపాఱఁగఁ గాచిన యమ్మ’. నా పేరు చూసి పక్షపాతం అనుకోకండి.

మడతపేజీ:
ఆ పేరు పెట్టుకుని ఇంకేమంటారు లెండి. నా ఓటు మామూలు ర. ‘కడుపున కాచిన కాయ’ అంటాం కదా, కాచిన అంటే చెట్టు కాచినట్టు. కడుపారా కాచిన అమ్మ. రక్షించడం, చల్లార్చడం అంతా పండితులకు.

ఓరుగల్లు పిల్ల:
అప్పుడు సురారులమ్మను ఏం చేస్తారు సార్? వాక్యంలో ఒంటరిగా మిగిలిపోతుంది.

మైలాపూర్ మావయ్య:
అమ్మాయ్, అమ్మగారు ఎక్కడైనా రాసుకున్నారా? చేతిరాత దొరికితే ఏ ర అన్నది తేలిపోతుంది.

వేపపూత:
అమ్మ పద్యాలు రాసుకునేది కాదండీ. రాసేదల్లా క్యాలెండరు మీద పాల లెక్క. ఇక కార్డుల షాపు అబ్బాయి అయితే ఆ ఫాంటులో బండి ఱ లేదు మేడం, మామూలుది వేసేస్తా అన్నాడు.

బండి ఱ:
షాపు మార్చండి.

అరసున్న:
అరసున్న ఉందేమో అడిగారా?

వేపపూత:
ఇంకొకటి వచ్చి పడింది. ఏలూరు నుంచి పిన్ని ఫోన్ చేసింది, అమ్మకు ఒక్కతే చెల్లెలు. అత్తయ్యగారు చెప్పింది చెబితే ఒప్పుకోలేదు. ‘మార్చిందన్నది నిజమే. కానీ గాచిన కాదు. అక్క పక్కనే పడుకుని విన్నదాన్ని, నాకు తెలీదా? కడుపారడి దాచిన యమ్మ అనేది’ అంటోంది. ఇద్దరూ ఇప్పుడు ఫోన్‌లో మాట్లాడుకుంటున్నారు, గట్టిగానే. నేను విన్నది గాచిన అనే. పాల పొయ్యి దగ్గర. కానీ పిన్ని చదివి వినిపిస్తుంటే అదీ అమ్మ గొంతులాగే ఉంది.

మైలాపూర్ మావయ్య:
ఆఱడి అలాగే ఉంచి, పుచ్చిన ఒక్కటీ తీసి దాచిన పెట్టారా?

బండి ఱ:
గణం సరిపోతుంది.

అరసున్న:
సరిపోతుంది గానీ, ‘ఆఱడిఁ దాచిన’ అని రాయాలి.

వేపపూత:
ప్రూఫ్ సాయంత్రం ఆరింటిలోగా పంపమంటున్నాడు.